బొగ్గును ఖరీదు చేయాలా, అప్పును చౌక చేయాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. కార్బన్ పన్ను వేస్తే అన్నింటికన్నా తక్కువ ఖర్చుతో ఉద్గారాలు తగ్గుతాయని ఎకనామిక్స్ పుస్తకాల్లో ఉంది కదా, మరి కెనడా దాన్ని ఎందుకు ఎత్తేసింది? భారత్ ఎందుకు వేయడం లేదు? అసలు ధనిక దేశాలు వదిలిన పొగకు మనం ఎందుకు కట్టాలి? మన రెండు రాష్ట్రాల చేతిలో ఏమైనా ఉందా?

నేను చాలా ఏళ్లు కరెంటు టారిఫ్ లెక్కల్లో పనిచేశాను. డిస్కంలు, అంటే కరెంటు పంపిణీ సంస్థలు, ఏటా వేసే ఏఆర్ఆర్‌లు (వచ్చే ఏడాది ఖర్చు, రాబడి అంచనాలు), ట్రూఅప్‌లు (అంచనాకూ అసలు ఖర్చుకూ తేడా సరిచేసే లెక్కలు), విద్యుత్ కొనుగోలు ఒప్పందాలు, వీటి మధ్యే నా ఉద్యోగం గడిచింది. కాబట్టి నా జవాబు ఎక్కువగా కరెంటు వైపు నుంచే ఉంటుంది. మన దేశ కర్బన ఉద్గారాల్లో అతి పెద్ద వాటా కరెంటు తయారీదే కనుక అక్కడి నుంచి మొదలుపెట్టడం న్యాయమే అనుకుంటాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పుస్తకంలో ఉన్నది తప్పు కాదు. కానీ మన దగ్గర చేయాల్సిన పనుల వరసలో బొగ్గును ఖరీదు చేయడం కంటే ముందు సోలార్, పవన విద్యుత్ ప్లాంట్లకు దొరికే అప్పును చౌక చేయడం రావాలి. ఎందుకో లెక్కలతోనే చూపిస్తాను.

పన్ను వాదన మొదలైంది 1920లో, ఆర్థర్ పిగూ అనే బ్రిటిష్ ఆర్థికవేత్తతో. పొగ గొట్టం ఉన్నవాడికి లాభం, ఆ పొగ పీల్చేవాడికి నష్టం. నష్టం ఖరీదు గొట్టం ఉన్నవాడి ఖాతాలో పడనంతవరకూ వాడు తగ్గించడు. ఆ ఖరీదంత పన్ను వేస్తే చౌకగా తగ్గించుకోగలిగినవాడు తగ్గిస్తాడు, తగ్గించలేనివాడు కడతాడు. ఏ ఫ్యాక్టరీలో ఏ బాయిలర్ మార్చాలో ప్రభుత్వం చెప్పాల్సిన పని లేదు. ఇది నిజంగా గొప్ప ఆలోచన. ఆర్థికవేత్త విలియం నార్డ్‌హౌస్‌కు 2018లో నోబెల్ వచ్చింది ఈ బాటలో చేసిన పనికే. స్వీడన్ 1991 నుంచి కార్బన్ పన్ను వసూలు చేస్తోంది, ఇప్పుడది టన్నుకు 100 యూరోలు దాటింది, ఆ దేశ ఆర్థిక వ్యవస్థ కూలిపోలేదు. అయితే స్వీడన్ ఆ పన్ను తెచ్చిన ఏడాదే ఆదాయపు పన్ను బాగా తగ్గించింది. ఒక జేబులోంచి తీసి ఇంకో జేబులో పెట్టింది. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇప్పుడు అదే పన్ను మన దగ్గర వేస్తే ఏమవుతుందో చూద్దాం. టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు 50 డాలర్లు, అంటే సుమారు 4,300 రూపాయలు అనుకోండి. అంతర్జాతీయ చర్చల్లో ఇది పెద్ద రేటేమీ కాదు. మన బొగ్గు ప్లాంట్లో ఒక యూనిట్ కరెంటు తీస్తే దాదాపు కిలో కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే బొగ్గు కరెంటు యూనిట్‌కు 4 రూపాయల పైన పెరుగుతుంది. దేశంలో తయారయ్యే కరెంటులో దాదాపు 70 శాతం బొగ్గుదే కాబట్టి సగటున యూనిట్‌కు 3 రూపాయలు. నెలకు 200 యూనిట్లు వాడే మామూలు ఇంటికి బిల్లు మీద 600 రూపాయలు అదనం. అదీ ఆ ఇంటివాళ్లు బొగ్గు కరెంటా, గాలి కరెంటా అని ఎంచుకునే వీలు లేకుండా. తీగలో వచ్చేది ఒకటే.

కరెంటు చార్జీలు పెరిగితే ఏమవుతుందో మన తెలుగువాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో చార్జీల పెంపుపై నిరసన తెలుపుతున్నవాళ్లపై పోలీసులు కాల్పులు జరిపారు, ముగ్గురు చనిపోయారు. అప్పట్లో సంస్కరణల పేరుతో టారిఫ్‌ను అసలు ఖర్చుకు దగ్గరగా తేవాలన్నది ఆలోచన. కాగితం మీద ఆ వాదనలో బలం ఉంది. కానీ నాలుగేళ్ల తర్వాత ప్రభుత్వం మారింది, 2004 మే 14న కొత్త ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రమాణ స్వీకార వేదిక మీదే రైతులకు ఉచిత విద్యుత్ ఫైలుపై సంతకం చేశారు. అప్పటినుంచి ఇప్పటిదాకా ఏ పార్టీ వచ్చినా ఆ హామీని కదిలించే ధైర్యం చేయలేదు. ధర ఒక్కటే ఆయుధంగా వాడిన విధానానికి ప్రజాస్వామ్యంలో ఎంత ఆయుష్షు ఉంటుందో చెప్పడానికి నాకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు. ఫ్రాన్స్‌లో 2018 నవంబరులో పసుపు చొక్కాల ఉద్యమం ఇంధన పన్ను పెంపు మీదే రాజుకుంది. ఆస్ట్రేలియా 2012లో తెచ్చిన కార్బన్ ధరను 2014లోనే రద్దు చేసుకుంది.

కెనడా కథ వీటికంటే ఆలోచింపజేసేది. అక్కడ 2019లో టన్నుకు 20 కెనడా డాలర్లతో మొదలుపెట్టి 2024 ఏప్రిల్ నాటికి 80కి తెచ్చారు. వసూలైనదాంట్లో 90 శాతం దాకా కుటుంబాలకే తిరిగి ఇచ్చేశారు. పన్ను, రీఫండ్ రెండే లెక్కపెడితే చాలా కుటుంబాలకు కట్టినదాని కంటే వచ్చిందే ఎక్కువ. మరి ఎందుకు ఓడిపోయింది? పెట్రోలు బంకులో లీటరుకు 17.6 సెంట్లు పోయినప్పుడు ప్రతిసారీ తెలిసింది. తిరిగొచ్చిన డబ్బు మాత్రం మొదట్లో ఏడాదికోసారి ఆదాయపు పన్ను లెక్కలో కలిసిపోయింది. మూణ్నెల్లకోసారి బ్యాంకు ఖాతాలో వేయడం 2022లో గానీ మొదలుపెట్టలేదు. అప్పటికే జనం మనసులో అది బాదుడు పన్నుగా స్థిరపడిపోయింది. ఆ తర్వాత ధరలన్నీ పెరిగాయి, ప్రతిపక్షం ‘పన్ను ఎత్తేయండి’ అన్న ఒక్క నినాదంతో ఊరూరా తిరిగింది. చివరికి 2025 మార్చిలో ప్రధాని పదవి చేపట్టిన మార్క్ కార్నీ, స్వయంగా ఆర్థికవేత్త, కేంద్ర బ్యాంకు మాజీ గవర్నర్ అయిన మనిషి, మొదటి రోజే దాన్ని ఆపేశారు. ఒక సంగతి చాలామంది గమనించరు. ఆయన ఎత్తేసింది వినియోగదారుల మీద పడే భాగాన్ని మాత్రమే. పెద్ద పరిశ్రమల మీద కార్బన్ ధర అలాగే ఉంచారు. కాబట్టి కెనడా కార్బన్ పన్నును పూర్తిగా వదిలేసింది అనడం సరికాదు. బిల్లులో కనపడే చోట వదిలేసింది.

మన దేశం అసలు వేయనే లేదనడమూ నిజం కాదు. 2010లో బొగ్గు మీద టన్నుకు 50 రూపాయల సెస్సు వేశాం. అది 2014లో 100, 2015లో 200, 2016లో 400 అయ్యింది. టన్ను బొగ్గు కాలిస్తే ఒకటిన్నర టన్నుల దాకా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి 400 రూపాయల సెస్సు అంటే టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు సుమారు 270 రూపాయల పన్ను. యూనిట్ కరెంటు మీద 28 పైసల లోపు. ఎవరూ రోడ్డెక్కలేదు, ఎందుకంటే అది గని దగ్గరే పడింది, ఇంటి బిల్లులో విడిగా కనపడలేదు. ఆ డబ్బుతో స్వచ్ఛ ఇంధన నిధి పెడతామన్నారు. వసూలైనదాంట్లో పెద్ద భాగం ఆ నిధికి చేరనే లేదు, చేరినదాంట్లోనూ కొంతే ఖర్చయింది. 2017లో జీఎస్టీ వచ్చాక ఆ 400 రూపాయలు రాష్ట్రాలకు పరిహారమిచ్చే సెస్సుగా మారిపోయాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ సెస్సు తీసేసి, బొగ్గు మీద జీఎస్టీని 5 నుంచి 18 శాతానికి పెంచారు.

ఈ చివరి మార్పు నన్ను బాధపెట్టింది. కారణం చెబుతాను. సెస్సు టన్నుకు ఇంత అని ఉండేది, అంటే కాల్చే బొగ్గుతో పాటు పెరిగేది. జీఎస్టీ ధర మీద శాతం. ఇప్పుడు ఖరీదైన, మేలు రకం బొగ్గు మీద ఎక్కువ పన్ను, బూడిద ఎక్కువగా ఉండే చౌక బొగ్గు మీద తక్కువ పన్ను పడుతోంది. కాలుష్యానికీ పన్నుకూ ఉన్న ఆ కాస్త ముడి కూడా తెగిపోయింది. పైగా విద్యుత్ కేంద్రాలు ఎక్కువగా వాడే గ్రేడ్ల మీద మొత్తం భారం తగ్గింది. పోల్చి చూసుకోవడానికి ఇంకో అంకె. లీటరు పెట్రోలు కాలిస్తే 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. పెట్రోలు మీద పన్నులన్నీ కలిపి లీటరుకు 40 రూపాయలు అనుకున్నా టన్నుకు 17 వేల రూపాయల పన్ను అయింది. బైకు మీద పనికి పోయే మనిషి టన్నుకు 17 వేలు కడుతుంటే, బొగ్గు మహా అయితే 270 కట్టింది. పెట్రోలు పన్ను రోడ్ల కోసమూ, ఖజానా కోసమూ వేసిందే, వాతావరణం కోసం కాదు, ఒప్పుకుంటాను. అయినా భారం ఎవరి మీద ఉందో ఈ రెండు అంకెలు చూపిస్తాయి.

ఇక అసలు విషయానికి వస్తాను. సోలార్ ప్లాంటుకు ఇంధన ఖర్చు లేదు. పాతికేళ్ల కరెంటు ఖర్చంతా మొదటి ఏడాదే పెట్టేస్తాం. అందువల్ల దాని ధరలో పెద్ద భాగం అప్పు మీద వడ్డీ, వాటాదారు ఆశించే రాబడి. ఒక మెగావాట్‌కు 4.5 కోట్లు పెట్టుబడి, ఏడాదికి 22 లక్షల యూనిట్లు అనుకుందాం. పెట్టిన డబ్బుకు సగటున 10 శాతం చెల్లించాల్సి వస్తే పాతికేళ్ల పాటు ఏటా దాదాపు 49.6 లక్షలు రావాలి. యూనిట్‌కు 2.25 రూపాయలు. అదే 5 శాతానికి డబ్బు దొరికితే ఏటా 32 లక్షలు చాలు, యూనిట్‌కు 1.45. ప్యానెల్ అదే, ఎండ అదే, 80 పైసలు తగ్గాయి. 12 శాతమైతే 2.61 అవుతుంది. నిర్వహణ ఖర్చు వీటిపైన కొంచెం.

బొగ్గు ప్లాంటుకు ఇదే లెక్క వేయండి. మెగావాట్‌కు 9 కోట్లు, ఏడాదికి 70 లక్షల యూనిట్లు. 10 శాతం దగ్గర పెట్టుబడి భాగం యూనిట్‌కు 1.42, 5 శాతం దగ్గర 91 పైసలు. తగ్గింది దాదాపు 50 పైసలు, కానీ దానిమీద బొగ్గు ఖర్చు, రవాణా, బూడిద నిర్వహణ ఎలాగూ ఉన్నాయి, అవి వడ్డీతో కదలవు. అంటే వడ్డీ రేటు పెరిగితే ఎక్కువ దెబ్బ తగిలేది సోలార్‌కే, తగ్గితే ఎక్కువ లాభపడేదీ సోలారే. వడ్డీని 10 నుంచి 7కు తెస్తే యూనిట్‌కు 50 పైసలు కలిసొస్తాయి. బొగ్గు సెస్సు గరిష్ఠంగా ఉన్న రోజుల్లో కూడా బొగ్గు కరెంటు మీద 28 పైసలే పడింది. వినియోగదారుడి బిల్లు పెంచకుండా, సెస్సుకు దాదాపు రెట్టింపు పని వడ్డీ చేస్తుంది. నేను ముందు అప్పు చౌక చేయాలి అంటున్నది ఇందుకే.

అప్పు ఎప్పుడు చౌక అవుతుంది? అప్పు ఇచ్చేవాడికి డబ్బు తిరిగొస్తుందన్న నమ్మకం ఉన్నప్పుడు. ఇక్కడ మన ఆంధ్రప్రదేశ్ అనుభవం దేశమంతా చదవాల్సిన పాఠం. సోలార్ ధర ఎంత వేగంగా పడిందో చూడండి. 2010లో జాతీయ సౌర మిషన్ తొలి వేలంలో అతి తక్కువ బిడ్ 10.95 రూపాయలు. 2015 నవంబరులో కర్నూలు సోలార్ పార్కు కోసం ఎన్టీపీసీ వేలం పెడితే 4.63. 2017 మేలో రాజస్థాన్ బడ్లాలో 2.44. ఇంతలో రాష్ట్రం పాతికేళ్లకు కుదుర్చుకున్న పవన విద్యుత్ ఒప్పందాలు యూనిట్‌కు 4.84 దాకా ఉన్నాయి. డిస్కంలు నష్టాల్లో ఉన్నాయి. 2019 జూలైలో అప్పటి కొత్త ప్రభుత్వం పాత ధరలను తగ్గించేందుకు ఉన్నత స్థాయి సంప్రదింపుల కమిటీ వేసింది. కేంద్రం వద్దని లేఖలు రాసింది. కంపెనీలు హైకోర్టుకు వెళ్లాయి. 2019 సెప్టెంబరులో సింగిల్ జడ్జి కమిటీ జీవోను కొట్టేశారు, విషయం తేలేదాకా పవన విద్యుత్‌కు 2.43, సోలార్‌కు 2.44 చొప్పున మధ్యంతరంగా చెల్లించమన్నారు. 2022 మార్చిలో డివిజన్ బెంచ్ ఆ మధ్యంతర ధరనూ రద్దు చేసి, ఒప్పందంలో ఉన్న ధరకే బకాయిలు ఆరు వారాల్లో చెల్లించమంది.

ప్రభుత్వం వాదనలో న్యాయం లేదని నేను అనను. బజారులో రెండున్నరకు దొరికేదాన్ని 4.84 పెట్టి పాతికేళ్లు ఎందుకు కొనాలి అని పల్లెలో ఎవరైనా అడుగుతారు. కానీ పాతికేళ్ల ఒప్పందం అంటేనే మధ్యలో ధర పడినా పెరిగినా ఇద్దరూ కట్టుబడి ఉండటం. ఆ హామీ ఉంది కాబట్టే బ్యాంకు 70 శాతం అప్పు ఇచ్చింది. కోర్టులో చివరికి ఒప్పందమే గెలిచినా ఆ మధ్యకాలంలో సగం డబ్బుతో వాయిదాలు కట్టాల్సి వచ్చిన కంపెనీల సంగతి బ్యాంకులు మరచిపోవు. ఆ భయం తర్వాతి వేలాల్లో అర శాతం, ఒక శాతం వడ్డీగా కూర్చుంటుంది, ఆ తర్వాత మన బిల్లులోకి వస్తుంది. ఏ బిల్లులోనూ ‘ఒప్పందం తిరగదోడినందుకు’ అని విడిగా లైను ఉండదు కాబట్టి ఎవరికీ తెలియదు. పాత ధరలు నిజంగానే ఎక్కువ అనుకుంటే మర్యాదైన దారులు ఉన్నాయి. తక్కువ వడ్డీకి పాత అప్పులు తిరగరాయించి ఆ లాభంలో వాటా అడగొచ్చు, ముందే డబ్బు చెల్లించి డిస్కౌంటు తీసుకోవచ్చు. ఇద్దరూ ఒప్పుకుని చేసేవి అవి.

మన దేశంలో వాతావరణ విధానం అని ఎవరూ పిలవని ఒక నియమం నా లెక్కలో చాలా పెద్ద వాతావరణ విధానం. 2022 జూన్‌లో కేంద్రం తెచ్చిన ఆలస్య చెల్లింపుల సర్‌చార్జీ నియమాలు. అప్పటికి దేశంలోని డిస్కంలు ఉత్పత్తిదారులకు పడిన బకాయి సుమారు 1.38 లక్షల కోట్లు. పాత బాకీని 48 నెలల వరకూ వాయిదాల్లో కట్టండి, కొత్త బిల్లులు గడువులో కట్టకపోతే ఎక్స్‌చేంజీ (కరెంటు కొని అమ్మే బజారు) నుంచి కరెంటు కొనే వీలు తగ్గిపోతుంది అన్నారు. చాలా రాష్ట్రాలు దారికొచ్చాయి. సెకీ వంటి కేంద్ర సంస్థ మధ్యలో నిలబడి కొని రాష్ట్రాలకు అమ్మినప్పుడు ధరలు తక్కువగా రావడానికి కారణమూ ఇదే: రాష్ట్రం కట్టకపోతే రిజర్వు బ్యాంకు దగ్గరున్న రాష్ట్ర ఖాతా నుంచి రాబట్టుకునే త్రైపాక్షిక ఒప్పందం వెనకాల ఉంటుంది.

ధనిక దేశాల ప్రశ్నకు వద్దాం. మీ కోపం సబబే. మన తలసరి ఉద్గారాలు ఏడాదికి 2 టన్నుల చుట్టుపక్కల, అమెరికావాళ్లవి దాదాపు 14. గాల్లో ఇప్పటికే పేరుకుపోయినదాంట్లో వాళ్ల వాటా ఇంకా ఎక్కువ. 2009లో కోపెన్‌హాగన్ వాతావరణ సదస్సులో వర్ధమాన దేశాలకు 2020 కల్లా ఏటా 10 వేల కోట్ల డాలర్లు ఇస్తామన్నారు, ఆ అంకె 2022లో గానీ అందలేదు. 2024లో బాకూ సదస్సులో 2035 కల్లా ఏటా 30 వేల కోట్ల డాలర్లు అన్నారు. ఆ తీర్మానం ఆమోదించిన వెంటనే భారత ప్రతినిధి చాందినీ రైనా లేచి నిలబడి గట్టిగా అభ్యంతరం చెప్పారు. నేను ఆమె పక్షమే. అయితే మొత్తం ఎంత అన్నదానికంటే ఏ రూపంలో అన్నది మనం ఇంకా గట్టిగా అడగాలి. ఇప్పటిదాకా లెక్కలో చూపినదాంట్లో ఎక్కువ భాగం అప్పులే. దక్షిణాఫ్రికాకు 2021లో బొగ్గు నుంచి బయటపడటానికి 850 కోట్ల డాలర్లు ఇస్తామని పెద్దగా ప్రకటించారు, అందులో గ్రాంటు చాలా చిన్న భాగం.

డాలర్ అప్పులో ఇంకో చిక్కు ఉంది. అక్కడ 5 శాతానికి దొరికిన అప్పు ఇక్కడికి వచ్చేసరికి చౌకగా ఉండదు. 2010లో డాలరు 45 రూపాయల దగ్గర ఉండేది, 2025లో 85 దాటింది. ప్లాంటుకు వచ్చే ఆదాయం రూపాయల్లో, కట్టాల్సింది డాలర్లలో. ఆ తేడా తట్టుకోవడానికి హెడ్జింగ్, అంటే మారకపు రేటు మారినా నష్టం రాకుండా ముందే డబ్బు కట్టి రక్షణ, చేయించుకుంటే ఇంకో నాలుగైదు శాతం పడుతుంది, మొత్తం మన బ్యాంకు వడ్డీకే చేరుతుంది. ధనిక దేశాలు నిజంగా బాధ్యత తీసుకుంటామంటే ఆ మారకపు నష్టాన్ని భరించమనండి. ప్యానెళ్లు మనం కొనుక్కుంటాం, ఇంజనీర్లు మన దగ్గర ఉన్నారు. కొరత ఉన్నది చౌకైన, సుదీర్ఘమైన రూపాయి అప్పు. వాళ్లు కట్టేదాకా మనం ఆగాలా అంటే, సోలార్ విషయంలో ఆగడం మనకే నష్టం. 2025 జూన్‌లో మన స్థాపిత సామర్థ్యంలో సగం శిలాజేతర వనరులది అయ్యింది, 2030కి పెట్టుకున్న గడువుకు ఐదేళ్లు ముందే. అది ఎవరి మీదా దయతో జరగలేదు, చౌక కాబట్టి జరిగింది.

భవిష్యత్తు నష్టాన్ని ఎలా లెక్కకట్టాలన్నదాని మీద ఆర్థికవేత్తలు నికొలస్ స్టెర్న్, నార్డ్‌హౌస్‌ల మధ్య వచ్చిన గొడవ కూడా చివరికి వడ్డీ గొడవే కాబట్టి ఒక మాట. వందేళ్ల తర్వాత జరిగే లక్ష రూపాయల నష్టాన్ని ఈ రోజు ఎంతగా లెక్కకట్టాలి? 2006 నాటి స్టెర్న్ నివేదిక వాడిన ఏటా 1.4 శాతం తగ్గింపు రేటు దగ్గర దాదాపు 25 వేలు. 5 శాతం పెడితే 760 రూపాయలు. మనవళ్ల నష్టం 25 వేలా, 760 రూపాయలా అన్నదాన్ని బట్టి ఈ రోజు ఎంత ఖర్చు పెట్టాలో తేలుతుంది. నేను తక్కువ రేటు వైపే ఉంటాను. 2015 మేలో వడగాలులకు మన రెండు రాష్ట్రాల్లో కలిపి 1,500 మందికి పైగా చనిపోయారు. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది ఎండలో పనిచేయక తప్పని కూలీలు, వృద్ధులు. ఈ నష్టం వందేళ్ల తర్వాతి సంగతి కాదు, లెక్కలో తగ్గించుకోవడానికి వీల్లేదు.

మరి పన్ను అసలు వద్దా? పరిశ్రమల మీద కావాలి, ఇంకా చెప్పాలంటే ఆలస్యమైంది. యూరప్ సరిహద్దు కార్బన్ సర్దుబాటు, అదే సీబామ్, అంటే బయటి నుంచి యూరప్‌కు వచ్చే సరుకు మీద వేసే కార్బన్ ధర, 2026 జనవరి 1 నుంచి డబ్బు లెక్కలోకి వచ్చింది. ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులు, హైడ్రోజన్, కరెంటు దాని పరిధిలో ఉన్నాయి. మొదటి ఏడాది పడేది పూర్తి భారంలో 2.5 శాతమే, 2030కి 48.5, 2034కు పూర్తిగా. మన ఉక్కు ఎక్కువగా బొగ్గు మీద తయారవుతుంది కాబట్టి దెబ్బ గట్టిగానే ఉంటుంది. అయితే ఎగుమతి చేసే దేశంలో ఇప్పటికే కట్టిన కార్బన్ ధరను తగ్గించుకునే వీలు అందులో ఉంది. మనం వసూలు చేయకపోతే ఆ డబ్బు బ్రస్సెల్స్‌కు పోతుంది, చేస్తే మన ఖజానాలో ఉంటుంది. ఇది చాలా మామూలు లెక్క. మనం 2023లో నోటిఫై చేసిన కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ స్కీం ఈ దిశలోనే ఉంది. కేంద్రం ఒక్కో ఫ్యాక్టరీకి టన్ను సరుకుకు ఇంత ఉద్గారం అని లక్ష్యం పెడుతుంది, తక్కువ వదిలినవాళ్లు సర్టిఫికెట్లు అమ్ముకుంటారు. మొత్తం ఉద్గారాల మీద పరిమితి లేదు, కరెంటు ప్లాంట్లు మొదటి విడతలో లేవు. ఎదిగే దేశానికి మొదటి అడుగుగా ఇది సరిపోతుంది. భయం ఒక్కటే, లక్ష్యాలు మరీ సులువుగా పెడితే సర్టిఫికెట్ల ధర పడిపోతుంది. 2005లో మొదలైన యూరప్ మార్కెట్ మొదటి దశలో అదే జరిగి, 2007కల్లా ధర సున్నా దగ్గరకు వచ్చింది. 2023 ఫిబ్రవరిలో 100 యూరోలు దాటడానికి వాళ్లు పదిహేనేళ్లకు పైగా నియమాలు బిగించుకుంటూ రావాల్సి వచ్చింది.

సింగరేణి గురించి మాట్లాడకుండా ఈ జవాబు ముగించడం న్యాయం కాదు. 90ల మొదట్లో అక్కడ లక్షకు పైగా ఉద్యోగులు ఉండేవాళ్లు, ఇప్పుడు 40 వేల దగ్గర ఉన్నారు. ఆ ఉద్యోగాలను సోలార్ తీసేయలేదు. భూగర్భ గనులు తగ్గి ఓపెన్‌కాస్టులు రావడం, యంత్రాలు రావడం తీసేశాయి. ఆ మార్పు మొత్తం కొత్తగూడెం, మందమర్రి, రామగుండం కుటుంబాలు ఎవరికి వారే భరించారు. రేపు బొగ్గు తగ్గేటప్పుడు కూడా ఇలాగే వదిలేస్తే ఆ ఊళ్లు ఎదురు తిరుగుతాయి, తిరగాలి కూడా. కార్బన్ మీద వసూలయ్యే ప్రతి రూపాయిలో మొదటి వాటా ఆ ఊళ్లదే అని చట్టంలో రాయాలి. స్వచ్ఛ ఇంధన నిధి అనుభవం తర్వాత ఒట్టి హామీని ఎవరూ నమ్మరు.

చివరిగా, మన రాష్ట్రాలు చేయగలిగింది. నా దృష్టిలో అన్నింటికన్నా పెద్ద అవకాశం వ్యవసాయ ఫీడర్లు, అంటే సబ్‌స్టేషన్ నుంచి బోరు మోటార్లకు కరెంటు ఇచ్చే లైన్లు. ఉచిత విద్యుత్ తీసేయాలని నేను అనడం లేదు. అది జరగదు, జరగాలని నేను కోరుకోవడం లేదు. కానీ ఆ కరెంటును ఎక్కడి నుంచి తెస్తున్నామో మార్చొచ్చు. బోరు మోటారుకు పగటి పూట తొమ్మిది గంటలు ఇస్తే చాలు, ఎండ ఉండేదీ అప్పుడే. సబ్‌స్టేషన్ పక్కనే సోలార్ ప్లాంటు పెట్టి ఆ ఫీడర్లకు ఇస్తే యూనిట్‌కు 3 రూపాయల చుట్టుపక్కల పడుతుందని మహారాష్ట్ర వేలాల్లో తేలింది. దూరం నుంచి తెచ్చే కరెంటుకు లైన్ల ఖర్చు, నష్టాలు కలిపి ఇంతకు రెట్టింపు దాటుతుంది. పీఎం కుసుమ్ పథకంలో కేంద్ర సాయం ఉంది. రైతుకు ఏమీ మారదు, ప్రభుత్వం ఏటా కట్టే సబ్సిడీ తగ్గుతుంది, పాతికేళ్ల ధర ఇప్పుడే తెలిసిపోతుంది. భూగర్భ జలాలు తోడేయడం మాత్రం దీంతో ఆగదు, దానికి వేరే మందు కావాలి.

రెండోది సాయంత్రం ఆరు నుంచి పది. సోలార్ అప్పుడు ఉండదు, ఇళ్లలో వాడకం అప్పుడే ఎక్కువ. మనకు శ్రీశైలం ఎడమ గట్టున 900 మెగావాట్ల రివర్సిబుల్ టర్బైన్లు ఉన్నాయి, నాగార్జునసాగర్‌లోనూ ఉన్నాయి. మధ్యాహ్నం చౌక కరెంటుతో నీళ్లు పైకి తోడి సాయంత్రం వదలడానికి కట్టినవే అవి. రెండు రాష్ట్రాల మధ్య నీటి తగాదాల్లో వాటి పూర్తి ఉపయోగం దక్కడం లేదు. కొత్తగా పిన్నాపురం పంప్డ్ స్టోరేజీ వచ్చింది. బ్యాటరీతో కలిపిన సోలార్ 2024లో సెకీ వేలంలో 3.41కి వచ్చింది. ఇప్పుడు కొత్త బొగ్గు ప్లాంటుకు పాతికేళ్ల ఒప్పందం చేసుకునే ముందు దాని ధరను ఈ అంకెతో పోల్చి చూడాలి.

మీరు చదువుకునేవాళ్లు కాబట్టి ఒక పని చెబుతాను. డిస్కంలు ఏటా నవంబరు 30 నాటికి వచ్చే ఏడాది ఏఆర్ఆర్ ప్రతిపాదనలు రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలికి (ఈఆర్‌సీ) ఇవ్వాలి. వాటిని వెబ్‌సైట్‌లో పెడతారు, అభ్యంతరాలు రాతపూర్వకంగా ఎవరైనా పంపొచ్చు, ఆ తర్వాత జరిగే బహిరంగ విచారణలో మాట్లాడొచ్చు. వకీలు అవసరం లేదు. రెండే ప్రశ్నలు అడగండి. పునరుత్పాదక ఉత్పత్తిదారులకు సగటున ఎన్ని రోజులకు చెల్లిస్తున్నారు, ఆలస్యానికి కట్టిన సర్‌చార్జీ ఎంత? వ్యవసాయ ఫీడర్లలో ఎన్ని పగటి సోలార్‌కు మారాయి, మిగిలినవి ఏ ఏడాదికి? డిస్కం వాళ్లు లిఖితపూర్వకంగా సమాధానం ఇవ్వాల్సి ఉంటుంది, ఆ సమాధానం టారిఫ్ ఆర్డర్‌లో అచ్చవుతుంది.